చాటు రుసుములు – కూడి వేసిన దావాలు



నేడు నేను మాటలాడబోవు విషయము ధనమునకు సంబంధించినది. అందును చిన్న ధనమునకు సంబంధించినది. పెద్ద సంస్థలు ఒక్కొక్కని యొద్ద పదియో, ముప్పదియో డాలర్లు చెప్పీ చెప్పక తీసికొనును. అట్లు నష్టపడిన లక్షలాది ప్రజలు వేరువేరుగ గాక ఒకే దావాలో నిలిచి తమ సొమ్మును తిరిగి రాబట్టుకొను పద్ధతి యొకటి అమెరికా దేశమున గలదు. దానిని వారు క్లాస్ యాక్షన్ అందురు. మనము సామూహిక దావా యనుకొందము. ఆ దావా యెట్లు నడచును, గెలిచిన సొమ్ము మనిషి చేతికి ఎట్లు వచ్చును, తఱుచుగ ఎందులకు రాకపోవును అను సంగతులు చెప్పుదును.

ఇది మన కెందులకని మీరడుగవచ్చును. కొడుకో, కోడలో, మనుమరాలో అమెరికాలో నున్న యిండ్లు నేడు మన ప్రతి యూరను గలవు. వారికి అక్కడ బ్యాంకు ఖాతాలు, ఫోనులు, అద్దె యిండ్లు, భీమాలు అన్నియు నుండును. ఇట్టి దావాల నోటీసులు వారి పేరిట వచ్చుచునే యుండును. వారు చదువుకొన్నవారే గాని పనుల తొందరలో చూడక పాఱవేయుదురు. ఇంటి పెద్ద ఫోనులో అడిగిన మాటకు పిల్లలు ఒకమారైనను ఆగి చూతురు గదా యను నాశతో ఈ మాటలు మీతో చెప్పుచున్నాను. మన దేశపు చట్టములోను ఇట్టి మార్గమొకటి కలదు. దానిని కడపట చెప్పుదును.

ముందుగ చాటు రుసుమనగా నేమో చూతము. మార్కెట్టు యార్డునకు ధాన్యము తోలిన రైతునకు దీనిని విడమరచి చెప్ప బనిలేదు. ధర యింతయని చెప్పుదురు. చీటి చేతికి వచ్చునప్పటికి కాటా కూలి, హమాలీ, తరుగు, కమీషను అని నాలుగు పద్దులు అందు కూర్చుండియుండును. వీనిలో న్యాయమైనవియు నుండును. హమాలీ బస్తా మోసినాడు, అతనికి కూలి యీయవలసినదే. కాని ధర చెప్పునప్పుడు నోరెత్తక, డబ్బు లెక్కపెట్టునప్పుడు చూపు పద్దు న్యాయమైనదైనను చాటు పద్దే. రుసుము వేయుట వేఱు, రుసుమును దాచుట వేఱు. ఈ భేదమును మీరు మనసులో నుంచుకొనవలయును. రాబోవు కథ యంతయు దీనిమీదనే నడచును.

నేను ముప్పది సంవత్సరములు సహకార సంఘముల లెక్కలు తనిఖీ చేసినవాడను. ఒక సంఘమున – పేరు చెప్పను – ప్రతి సభ్యుని ఖాతాలోను ఏటేట రెండు రూపాయలు కాగితపు ఖర్చని తగ్గించుచుండిరి. తీర్మానము లేదు, రసీదు లేదు. ఎనిమిదివందల సభ్యులుండిరి. నేనొక పెద్దమనిషిని, "అయ్యా, మీరెన్నడును అడుగలేదా?" యంటిని. ఆయన నవ్వి, "రెండు రూపాయలకు రచ్చ యెందుకులెండి" యనెను. ఆ మాటయే ఆ గుమాస్తాకు కోటగోడ. రెండువందలు తగ్గించియుండిన ఎనిమిదివందల మందియు మఱునాడే సంఘము గుమ్మమున నిలిచి యుందురు. రెండే తగ్గించెను గనుక పండ్రెండేండ్లు సాగెను. చిన్న మొత్తము దొంగకు రక్షయైనట్లు పెద్ద మొత్తము కాదు.

ఇదియే చిక్కు అమెరికాలోను. ముప్పదియైదు డాలర్లకు వకీలును పెట్టుకొనిన వాని రుసుము మూడువేల డాలర్లగును. బుద్ధిమంతు డెవడును ఆ దావా వేయడు. కాబట్టి అక్కడి న్యాయస్థానముల విధినియమములలో ఇరువదిమూడవ నియమమని యొకటి యున్నది. అందుచే ఒకరో యిద్దఱో నష్టపడినవారు తమవంటి వారందఱి పక్షమునను దావా వేయవచ్చును. 1966లో దీనిని సవరించిరి. ఆ సవరణ ననుసరించి, సొమ్ము కోరు ఇట్టి దావాలలో, మీరు చేరెదరా యని ఒక్కొక్కని నడుగ బనిలేదు. నేను చేరనని వ్రాసి పంపినవాడు తప్ప తక్కిన వారందఱును చేరినట్లే. కాని న్యాయమూర్తి మొదట ఈ పలువురి నష్టమును ఒకే తీరుదని తేల్చవలెను. వారి పక్షపు వకీళ్లు సమర్థులని చూడవలెను. రాజీ కుదిరినను ఆయన యొప్పినగాని చెల్లదు. ఊరిపొలమునకు నీరు రాకున్న నలుగురు పోయి ఇంజనీరును కలిసినచో నీరు నలుగురి పొలములకే గాక ఆయకట్టునకంతకు వచ్చినట్లు, దావా వేసినవారు కొందఱైనను ఫలము అందఱిది.

ఒక నిజమైన దావాను చెప్పెదను. కాలిఫోర్నియా రాష్ట్రమున వెల్స్ ఫార్గో అను పెద్ద బ్యాంకు కలదు. అక్కడి వారు చేతిలో నోట్లు ఉంచుకొనరు. అయిదు డాలర్ల కాఫీకైనను బ్యాంకు కార్డు గీయుదురు. పగటి కొనుగోళ్లన్నియు రాత్రి బ్యాంకులో లెక్కకెక్కును. 2001 వ సంవత్సరమున ఈ బ్యాంకు ఆ లెక్క వ్రాయు వరుసను మార్చెను. కొన్న వరుసలో గాక, పెద్ద మొత్తమును మొదటను, చిన్న మొత్తములను తరువాతను వ్రాయసాగెను. వినుటకు ఇందేమి దోషమున్నదని తోచును. కలమును కాగితమును తీసికొనినచో తెలియును.

ఒక విద్యార్థి ఖాతాలో ఉదయమున 100 డాలర్లున్నవనుకొందము. ఇది నేను బోధకొఱకు కూర్చిన లెక్క. అతడు 4 డాలర్లకు కాఫీ త్రాగెను. 6 డాలర్లకు బస్సు టిక్కెట్టు, 10 డాలర్లకు కూరగాయలు, 15 డాలర్లకు పుస్తకము, 20 డాలర్లకు మందులు కొనెను. సాయంకాలము 90 డాలర్లకు చెప్పులజోడు కొనెను. కొన్న వరుసలో వ్రాసినచో మొదటి అయిదింటికి 55 డాలర్లు పోయి 45 నిలుచును. చెప్పుల కొక్కదానికే నిల్వ చాలదు. నిల్వకు మించి వాడినందులకు ఒక్క రుసుము పడును. అదే లెక్కను పెద్దది మొదలు వ్రాసినచో చెప్పులకు 90 పోయి పదియే మిగులును. ఇక మందులకు చాలదు, పుస్తకమునకు చాలదు, కూరలకు, బస్సునకు, కాఫీకిని చాలదు. ఒక్క తప్పు అయిదు తప్పులాయెను. రుసుము 35 డాలర్ల చొప్పున ఒక మార్గమున 35, రెండవ మార్గమున 175. విద్యార్థి కొన్నవి అవే, కొన్న దినమదే, ఖాతా అదే. కలము కదిలిన వరుస యొక్కటే వేఱు. నాలుగు డాలర్ల కాఫీకి ముప్పదితొమ్మిది డాలర్లు చెల్లినవి.

ఇంకొక సంగతి. పూర్వము నిల్వ లేకున్న కార్డు చెల్లెడిది కాదు. అంగడివాడు లేదనెడివాడు, మనిషి ఊరకుండెడివాడు. 2002 నుండి బ్యాంకు చెప్పకుండనే నిల్వకు మించినను కొంత మొత్తము వఱకు చెల్లనిచ్చెను. ఇది యుపకారమువలె కనబడును గాని, చెల్లిన ప్రతి కొనుగోలునకును రుసుము కలదు. 2005 నుండి 2007 వఱకు ఆ రాష్ట్రపు ఖాతాదారుల యొద్ద ఇట్టి రుసుముల వలన బ్యాంకునకు 140 కోట్ల డాలర్లకు మించి వచ్చెను. ఈ రుసుములు పడినవారెవరు? ఖాతాలో వేలు నిలువయున్నవారికి పడవు. నెలాఖరున పదియో యిరువదియో మిగిలినవారికే పడును. విద్యార్థులు, కూలిపనివారు, బిడ్డలతో నొంటిగ బ్రతుకు స్త్రీలు – వీరే.

ఖాతాదారులు కొందఱు దావా వేసిరి. శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఫెడరల్ న్యాయస్థానమున విలియం ఆల్సప్ అను న్యాయమూర్తి విచారించెను. బ్యాంకువారు, మా నిబంధనల పుస్తకములో వ్రాసియున్నాము గదా యనిరి. వ్రాసిన మాట నిజమే. కాని దట్టమైన చిన్న యక్షరముల నడుమ, చదివినను తేలని మాటలలో నుండెను. తక్కిన ప్రచార పత్రములు చదివిన సామాన్యుడు తాను కొన్న వరుసలోనే సొమ్ము పోవునని తలచును. 2010 ఆగష్టు నెలలో న్యాయమూర్తి ఖాతాదారుల పక్షమున తీర్పిచ్చి, 20 కోట్ల 30 లక్షల డాలర్లు తిరిగి యీయవలెనని శాసించెను.

బ్యాంకు పై న్యాయస్థానమునకు పోయెను. 2012 డిసెంబరులో ఆ న్యాయస్థానము చెప్పిన మాట నాకు మిక్కిలి విచారణీయముగ తోచెను. లెక్కలు ఏ వరుసలో వ్రాయవలెనని జాతీయ బ్యాంకును ఒక రాష్ట్రపు చట్టము ఆజ్ఞాపింపజాలదు. అది బ్యాంకు ఇష్టము. కాని ఒక వరుస నవలంబించుచు మఱియొక వరుస యని జనులు నమ్మునట్లు మాటలాడుటకు మాత్రము బ్యాంకునకు హక్కు లేదు. అనగా రుసుము వేసినందులకు గాక, భ్రమింపజేసినందులకే శిక్ష. నేను మొదట చెప్పిన భేదమిదియే. కేసు క్రింది న్యాయస్థానమునకు తిరిగి వచ్చెను. 2013లో ఆల్సప్ ఈ కారణము మీదనే మరల 20 కోట్ల 30 లక్షలు ఈయుడని తీర్పు చెప్పెను. 2014లో పై న్యాయస్థానము దానిని స్థిరపఱచెను. 2016 ఏప్రిలులో దేశపు సుప్రీముకోర్టు, బ్యాంకు మనవిని విన నిరాకరించెను. లెక్క మార్చిన నాటినుండి పదునైదేండ్లు గడచెను. మన యూరి పొలము తగాదాలు ఇంతకంటె నెక్కువ కాలము నడచినవి మీకు తెలియును గాన దీనికి ఆశ్చర్యపడనక్కఱలేదు.

ఆ కాలముననే ఫ్లారిడా రాష్ట్రపు మయామీ పట్టణమున ఈ వరుస మార్చు పనికే పెక్కు బ్యాంకుల మీది దావాల నొక్కచోట చేర్చి జేమ్స్ లారెన్స్ కింగ్ అను న్యాయమూర్తి విచారించెను. అందు బ్యాంక్ ఆఫ్ అమెరికా 41 కోట్ల డాలర్లకు రాజీకి వచ్చెను. 2011 నవంబరులో న్యాయస్థానము దాని నంగీకరించెను. లాభము పొందవలసిన ఖాతాదారులు ఒక కోటి ముప్పది లక్షలకు మించిరి. ఇందొక మేలు గమనింపుడు. ఎవరి యొద్ద ఎంత తీసికొనబడినదో బ్యాంకు పుస్తకములలోనే యున్నది. కావున జనులు అర్జీ పెట్టుకొన బనిలేకయే వారి వాటా ఖాతాలలో పడెను, ఖాతా మూసినవారికి చెక్కులు పోయెను. ఆ సంవత్సరములలోనే, 2010లో, ఖాతాదారు ముందుగ ఒప్పుకొననిదే కార్డు కొనుగోళ్లకు ఇట్టి రుసుము వేయరాదని ఫెడరల్ నియమమును వచ్చెను.

అన్ని దావాలును ఇంత సులభముగ ముగియవు. బ్యాంకు కడ జాబితా యున్నది. అంగడిలో సరుకు కొన్నవాని పేరు కంపెనీకి తెలియదు. తెలిసినను వాని చిరునామా మాఱియుండును. అప్పుడు ప్రకటన వేయుదురు, పోస్టుకార్డులు పంపుదురు, ఈ-మెయిలు పంపుదురు. కొన్నవారు ముందుకు వచ్చి క్లెయిము పత్రము నింపవలెను. ఇచ్చటనే ధనము ఆగిపోవును. అమెరికా ప్రభుత్వమునకు చెందిన ఫెడరల్ ట్రేడ్ కమిషను 149 దావాలను పరిశీలించి 2019 సెప్టెంబరులో ఒక నివేదిక ప్రకటించెను. క్లెయిము పత్రము కోరు దావాలను వరుసగ పేర్చిన నడిమి దానిలో నూటికి తొమ్మిదిమంది మాత్రమే అర్జీ పెట్టుకొనిరి. నోటీసులు అందినవారి నందఱిని ఒక్కచోట చేర్చి లెక్కించినచో నూటికి నలువురే. తొంబదియాఱుగురి సొమ్ము అడుగువాడు లేక నిలిచెను. నాకు ఆ సహకార సంఘపు పెద్దమనిషి నవ్వు జ్ఞప్తికి వచ్చెను.

ఎందులకు అడుగరు? మా మేనల్లుడొకడు కాలిఫోర్నియాలో నున్నాడు. ఒకప్పుడు నేను వాని యింట నాలుగు నెలలుంటిని. ఒకనాడు టపాలో వచ్చిన కాగితములను చించి బుట్టలో వేయుచుండగా అందొక కార్డు నా కంట బడెను. దానిమీద న్యాయస్థానము పేరు, దావా సంఖ్య ఉన్నవి. "ఇదేమిరా?" యంటిని. "మామయ్యా, ఇట్టివి వారమునకు రెండు వచ్చును. అన్నియు మోసములే" యనెను. వాని భయము వట్టిది కాదు. దొంగ ఉత్తరములు మెండుగనే వచ్చుచున్నవి. అయినను లెక్కలు చూచిన అలవాటు గనుక కార్డును తీసి కండ్లద్దములు పెట్టుకొని చదివితిని. వాడు వాడెడి ఒక ఫోను కంపెనీ నెలనెల బిల్లులో నొక చిన్న రుసుమును పన్నువంటి పేరుతో కలుపుచుండెనట. మూడేండ్ల బిల్లులను తెరచి చూడగా ఆ పద్దు నిజముగ నుండెను. వాడు తెల్లబోయెను. ప్రతినెలయు తానే చెల్లించినాడు, ఒక్కమారైనను క్రిందివఱకు చదువలేదు. ఆ సంస్థ పేరిచ్చట అనవసరము. పత్రము నింపుటకు పది నిమిషములు పట్టెను. పదునాలుగు నెలలకు ఇరువదియేడు డాలర్ల చెక్కు వచ్చెనని తరువాత ఫోను చేసి నవ్వుచు చెప్పెను. ఒక పూట హోటలు భోజనమునకు సరిపోవునట.

అట్టి కార్డు వచ్చినప్పుడు చూడవలసిన వానిని చెప్పెదను. న్యాయస్థానము పేరును దావా సంఖ్యయు నున్నవా? ఏ తేదీ మొదలు ఏ తేదీ వఱకు కొన్నవారికి, ఏ రాష్ట్రమువారికి అని వ్రాసియున్నదా? సామాన్యముగ ఇది కొనుగోలును బట్టియే గాని పౌరసత్వమును బట్టి కాదు. చదువుకొన బోయిన మన పిల్లవాడును అడుగవచ్చును. అన్నిటికంటె ముఖ్యము గడువు తేదీ. అది దాటిన మఱునాడు వ్రాసిన అర్జీకి విలువ లేదు.

కార్డులో నాలుగు దారులు వ్రాసియుండును. క్లెయిము పత్రము పంపుట యొకటి. నేనిందులో చేరను, నా దావా నేనే వేసికొందునని వ్రాయుట రెండవది. చేరియుండియే, ఈ రాజీ న్యాయముగ లేదని న్యాయమూర్తికి ఆక్షేపణ పంపుట మూడవది. ఏమియు చేయకుండుట నాలుగవది. జనులు ఈ నాలుగవదానిని హాని లేనిదని తలచుచున్నారు. కాదు. క్లెయిము పత్రము కోరిన దావాలో ఊరకున్నవానికి సొమ్మును రాదు, ఆ రుసుమును గూర్చి మఱల ఆ కంపెనీని అడుగు హక్కును పోవును. కంపెనీకి మాత్రము సంపూర్ణమైన విడుదల లభించును. పల్లెలో ఫారిఖతు వ్రాసి యిచ్చి సొమ్ము పుచ్చుకొనకుండ ఇంటికి వచ్చినట్లన్నమాట.

రసీదు లేదని వెనుకాడ బనిలేదు. చిన్న మొత్తముల దావాలలో చాలవఱకు, నేను కొన్నానని ప్రమాణపూర్వకముగ సంతకము చేసినచాలును. రసీదున్నవానికి హెచ్చు మొత్తము వచ్చుట గలదు. కాని కొననిది కొన్నానని వ్రాయరాదు. అది అబద్ధపు ప్రమాణమగును. పరదేశమున వీసా మీద నున్న బిడ్డకు అది ఇరువదియేడు డాలర్ల బేరము కాదు.

ఇక దొంగ నోటీసులు. నిజమైన దావాలో సొమ్ము తీసికొనుటకు సొమ్ము కట్టుమని యెవరును అడుగరు. ముందుగ యాబది డాలర్లు పంపుము, అయిదువేలు పంపెదమనినవాడు దొంగ. ఫోనునకు వచ్చిన రహస్య సంఖ్యను చెప్పుమనినవాడును దొంగయే. సందేహమున్న ఈ-మెయిలులోని మార్గమును నొక్కక, న్యాయస్థానము పేరు, దావా సంఖ్య తీసికొని ఆ న్యాయస్థానపు కార్యాలయమున విచారించుట మంచిది. చెక్కు వచ్చినచో దానిమీద చెల్లుబాటు తేదీ యుండును. బల్ల సొరుగులో నుంచి మఱచినవాని చెక్కు చచ్చిన చెక్కే.

ఇంతవఱకు చెప్పినది వినినవారు ఈ పద్ధతి ధర్మరాజు సభ యని తలచెదరేమో. దీనికి లోపములు లేకపోలేదు. బ్యాంక్ ఆఫ్ అమెరికా ఇచ్చిన 41 కోట్లలో నూటికి ముప్పది, అనగా 12 కోట్ల 30 లక్షల డాలర్లు వకీళ్లకు పోయెను. పోయినదానిలో మాకు చేరినది కొంచెమేయని కొందఱు ఖాతాదారులు ఆక్షేపించిరి. వకీళ్లు లేకున్న ఆ కొంచెమైనను రాదనుట నిజమే. అయినను ఒక్కొక్కనికి పదులు, వకీళ్లకు కోట్లు అన్నప్పుడు సామాన్యుని మనసు చివుక్కుమనక మానదు.

కొన్ని దావాలలో సొమ్మునకు బదులు చీటీలిత్తురు. పాటకచేరీల టిక్కెట్లమ్ము టిక్కెట్‌మాస్టర్ అను కంపెనీ టిక్కెట్టు ధరపై వేయు నిర్వహణ రుసుమును, టపా రుసుమును నిజమైన ఖర్చని నమ్మునట్లు వేయుచున్నదనియు, అది లాభమేయనియు 2003లో లాస్ ఏంజిల్స్‌లో దావా పడెను. 1999 నుండి 2013 వఱకు టిక్కెట్లు కొన్నవారు దాదాపు 5 కోట్ల మంది ఇందు చేరిరి. రాజీ ప్రకారము 2016లో వారి ఖాతాలలో 2 డాలర్ల 25 సెంట్ల తగ్గింపు చీటీలు, కొన్ని ఉచిత ప్రవేశపు చీటీలు పడెను. ఆ యుచిత చీటీలు కొన్ని కచేరీలకే చెల్లెను. నన్నడిగిన, తీసికొన్నది రూకలలో నైనప్పుడు ఈయవలసినదియు రూకలలోనే యుండవలెను. మోసపోయిన అంగడికే మరల పోయి మరల కొనుమనుట పరిహారము కాదు, వ్యాపారము.

మఱియొక లోప మింతకంటె పెద్దది. అది తలుపునే మూయును. కాలిఫోర్నియాలో ఒక దంపతులకు ఫోను ఉచితమని ఏటీ అండ్ టీ కంపెనీ చెప్పి, దానిపై 30 డాలర్ల 22 సెంట్లు అమ్మకపు పన్ను వసూలు చేసెను. వారి దావా సామూహిక దావాలో కలిసెను. కంపెనీవారు ఒడంబడికను చూపిరి. తగాదా వచ్చిన మధ్యవర్తి యొద్దకు ఒక్కొక్కరుగ రావలెను, గుంపుగ రాగూడదని అందుండెను. 2011 ఏప్రిలు 27న సుప్రీముకోర్టు న్యాయమూర్తులు అయిదుగురు ఒక ప్రక్కయు నలుగురు ఒక ప్రక్కయునై, ఆ షరతు చెల్లునని తీర్పు చెప్పిరి. నాటినుండి అట్టి షరతు పెక్కు ఒడంబడికలలో కనబడుచున్నది. ముప్పది డాలర్లకు ఒంటిగ మధ్యవర్తి యొద్దకు పోవువాడెవడు? అందుచే మీ పిల్లలు ఖాతా తెరచునాడు, ఫోను కొనునాడు, ఈ షరతు నుండి తప్పుకొను వీలు ఒడంబడికలో ఇచ్చినారేమో చూచుకొనుమని చెప్పుడు. కొన్ని కంపెనీలు సంతకము చేసిన కొద్ది దినములలోగా వ్రాసి పంపినచో తప్పుకొననిచ్చును.

ఇది సముద్రమున కావలి మాట. మన యింట నేమున్నది?

1986లో వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టములోనే, ఒకే తీరున నష్టపడిన పలువురి పక్షమున కొందఱు ఫిర్యాదు చేయవచ్చునని యుండెను. దాని స్థానమున 2019లో చేసి 2020 జూలై నుండి అమలులోనికి తెచ్చిన చట్టమున ముప్పదియైదవ విభాగము ఆ యవకాశమునే నిలిపినది. జిల్లా వినియోగదారుల కమిషను అనుమతి పొందవలెను. అందఱి ప్రయోజన మొక్కటే యని చూపవలెనని, ఊరక మేము పలువురమన్న చాలదని సుప్రీముకోర్టు 2021 డిసెంబరులో స్పష్టపఱచినది. అందఱి పక్షముననని గాక, పదిమంది కేవలము తమకొఱకే కలిసి యొక ఫిర్యాదు చేయుటకును అడ్డు లేదని ఆ తీర్పులోనే యున్నది. మన పల్లెలకు ఇది యెక్కువ యుపయోగకరమని నా యభిప్రాయము. ఒక విత్తనపు అంగడి గాని, ఒక ఫైనాన్సు సంస్థ గాని ఊరిలో నలుబదిమంది యొద్ద ఒకే పద్దును చెప్పకుండ లాగినప్పుడు, ఆ నలుబది చీటీలను ఒక సంచిలో వేసి తెచ్చినచో అది రెండు రూపాయల రచ్చ కాజాలదు.

చాటు రుసుములను గూర్చి మన ప్రభుత్వమును కొంత చేసినది. భోజనశాలలు బిల్లులో సేవా రుసుమును తమంతట తామే కలుపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జూలై 4న మార్గదర్శకములు వెలువరించెను. భోజనశాలల సంఘములు ఢిల్లీ హైకోర్టునకు పోగా, 2025 మార్చి 28న ఏకసభ్య ధర్మాసనము ఆ మార్గదర్శకములనే సమర్థించెను. మొదట తక్కువ ధర చూపి, చెల్లించు ఘడియలో రుసుములను ఒక్కొక్కటిగ బొట్లుబొట్లుగ కలుపు పద్ధతిని మోసపు పద్ధతులలో నొకటిగ 2023 నవంబరు 30న ప్రకటించిరి. పట్టణమున నున్న పిల్లలు ఫోనులో తెప్పించు సరుకుల బిల్లును ఒకమారు అడిగి చూడుడు.

ఫిర్యాదు చేయువారు ఈ సంగతులను గుర్తుంచుకొనవలయును. నష్టము జరిగిన నాటినుండి రెండేండ్లలోపల చేయవలెను. కొన్నదాని విలువ అయిదు లక్షల వఱకు నున్నచో జిల్లా కమిషనులో రుసుము లేదు. వకీలును పెట్టుకొనుట మీ యిష్టము. అమ్మినవాడు ఏ యూరివాడైనను, మీరు నివసించు జిల్లాలోనే ఫిర్యాదు చేయవచ్చును. ఇది 2019 చట్టము చేసిన మేలు. వ్రాయునప్పుడు తిట్లు వ్రాయక తేదీ వ్రాయుడు. ధర ఎంతని చెప్పిరి, ఎంత తీసికొనిరి, ఎక్కువ పడిన పద్దు పేరేమి, దానిని ముందుగ చెప్పిరా లేదా – ఈ నాలుగు వాక్యములు చాలును. రసీదు నకలు జతచేసి అసలును ఇంటిలోనే యుంచుకొనుడు. ఫిర్యాదునకు ముందు ఒక్కమారు జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు ఫోను చేసినచో, చిన్న పద్దులు తఱుచుగ అక్కడనే తేలిపోవును. తెలుగులోనే మాటలాడవచ్చును. ఆ సంఖ్య 1915. కలము తీసికొన్నవారికొఱకు మఱియొకమారు చెప్పుచున్నాను: ఒకటి, తొమ్మిది, ఒకటి, అయిదు.